జపాను పిల్లా, వెండి కంచమూ

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. ఉన్నదల్లా గరిట పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. ఆ ఊరి పేరు పూలలంక. చుట్టూ గోదావరి. ఊళ్ళోకి రావాలంటే బల్లకట్టు ఎక్కాలి. ఊళ్ళోంచి పోవాలంటే భోంచేయాలి. భోంచేయకుండా ఎవర్నీ పోనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి కొబ్బరికాయల దొంగ దొరికితే వాడికి కూడా చారూ అన్నం పెట్టి, మజ్జిగ పోసి, అప్పుడు పోలీసులకి అప్పజెప్పారు. నేనంటున్న మాట కాదు, ఊరంతా చెప్పుకునేదే.

ఆ ఊళ్ళో పేర్రాజు అని ఒక రైతు. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడేవాడు. మిగతావన్నీ ఆయన భార్య మంగతాయారు మాట్లాడేది. వాళ్ళకి ముగ్గురూ మగపిల్లలే, మీసాలొచ్చి పొలం పనుల్లో పడ్డారు. జడ వేయడానికి ఇంట్లో ఒక్క తల కూడా లేదని మంగతాయారు ఊరందరి దగ్గరా వాపోయేది. వినలేక జనం తమ పిల్లల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. ఆవిడ జడ గట్టిగా లాగి వేసేది. పిల్లలు రెండోసారి రాలేదు.

పేర్రాజు పొలంలో పాతకాలపు వరి రకాలు ఉండేవి. వాటి విత్తనాల కోసం జపాను దేశం నుంచి ఒకావిడ వచ్చింది. వరి మీదే ఆవిడ చదువంతా. తెలుగు కూడా పుస్తకాలు చూసి నేర్చుకుంది. మనకంటే శుభ్రంగా మాట్లాడేది. ఆవిడ వెంట ఆరేళ్ళ కూతురు, పేరు చియో. తలకి చిప్ప బోర్లించి కత్తిరించినట్టు జుట్టు.

"ఈ ఎండలలో నేను ఊరూరా తిరగవలెను. రెండు మాసములు నా కుమార్తెను ఎచ్చట ఉంచవలెనో తెలియకున్నది" అందావిడ.

పేర్రాజు ఆ రోజు పది మాటలూ అప్పటికే వాడేసినట్టున్నాడు, భార్య వంక చూశాడు.

"ఎచ్చటేవిటండీ, ఇచ్చటే!" అంది మంగతాయారు.

అప్పుడు జపానావిడ ఒక్క షరతు పెట్టింది. పిల్లకి ఒంట్లో బాగోకపోతే వెంటనే ఉత్తరం రాయాలి, తనొచ్చి తీసుకెళ్ళిపోతుంది. పేర్రాజు మాటిచ్చాడు. ఆయన మాటలు తక్కువే గానీ ఇచ్చినవి నిలబెట్టుకునేవాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ తర్వాత మంగతాయారు పిల్ల కోసం అటక మీంచి వెండి కంచం దింపించింది. మాకందరికీ రోజూ అరిటాకులే. పెరటి నిండా అరటి చెట్లే కదా. కానీ సముద్రం దాటి వచ్చిన పిల్లకి ఆకులో పెడతామా? ఊరు నవ్వదూ? ఆ కంచాన్ని చింతపండుతో తోమి తోమి, మొహం కనపడేలా చేసింది.

మొదటి రోజు చియో కంచం ముందు మఠం వేసుకుని కూర్చుంది. పప్పన్నం మెతుకు మిగల్చకుండా తింది. తిని, కంచం వంక చూపించి నవ్వింది.

ఎందుకు నవ్విందో చెప్పనా? వాళ్ళ దేశంలో పళ్ళెంలో మెతుకు వదలడం తప్పు. వరి పండించినవాణ్ణి అవమానించినట్టు. మనమూ అంతే అంటాం. అన్నం దేవుడంటాం. అని, సగం గేదెకి పెడతాం.

మంగతాయారుకి ఖాళీ కంచం కనపడింది. ఖాళీ కంచం ముందు పిల్ల కూర్చుని ఉంటే ఆ ఇల్లాలికి ఎంత అప్రదిష్ట! గబగబా ఇంకో నాలుగు గరిటెలు వేసింది. చియో కళ్ళు పెద్దవయ్యాయి. అయినా తినేసింది. మళ్ళీ కంచం ఖాళీ. మళ్ళీ గరిట.

"చాలు" అంది చియో. అప్పటికి ఆ పిల్లకొచ్చిన తెలుగు మాటలు మూడే. అమ్మ, నీళ్ళు, చాలు.

కానీ మన దగ్గర చాలంటే ఎవరు వింటారు? మొదటి చాలు మొహమాటం. రెండో చాలు మర్యాద. మూడో చాలుకి గరిట ఒక్క క్షణం ఆగుతుంది, అంతే.

"ఎంత ఆకలి మీద ఉందో పిచ్చితల్లి! ఆ దేశంలో పిల్లలకి తిండే పెట్టరు కాబోలు" అంది మంగతాయారు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. ఎవరు తిప్పారో నాకు తెలీదు.

అప్పుడు మొదలైంది పోటీ. మొదట కామేశ్వరమ్మ పిలిచింది. పులిహోర పెట్టింది. పిల్ల గింజ వదల్లేదు. "నా పులిహోరని ముగ్గురు మనుషుల తిండి తిందమ్మా" అని కామేశ్వరమ్మ బల్లకట్టు దాకా నడిచి మరీ చెప్పొచ్చింది. ఆవిడ పులిహోరని ఆవిడ మొగుడే ఒక్క మనిషి తిండి తినడు.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ పిలిచింది. బూరెలు పెట్టింది, ఒక్కోటీ పిల్ల పిడికిలంత. ఆరు తింది. ఇంటికెళ్ళేటప్పుడు అరుగు మెట్లు ఒక్కొక్కటీ కూర్చుని దిగింది.

ఆ తర్వాత మూడో ఇల్లు. అక్కడ గారెలు.

మూడో ఇల్లు ఎవరిదంటావా? ఎవరిదైతే నీకెందుకు? గారెలు మాత్రం బాగున్నాయి. నవ్వకుండా పడుకుని విను.

పదో రోజుకి చియో లేవలేదు. పొట్ట డోలులా బిగిసింది, ఒళ్ళు వెచ్చబడింది. ఊరంతా మంగతాయారు ఇంట్లోనే ఉంది. అందరూ ఒకటే మాట, దిష్టి. ఎవరి దిష్టి అన్న దగ్గరే తేడా వచ్చింది.

"నీ కళ్ళేనే వదినా. బూరెలు లెక్కపెట్టావు కదూ?" అంది కామేశ్వరమ్మ.

"నేను లెక్కపెడితే పెట్టానమ్మా, నువ్వు చాటింపే వేశావుగా!" అంది అచ్చియ్యమ్మ.

ముగ్గురూ మూడు దిష్టులు తీశారు. ఒకరు ఉప్పుతో, ఒకరు నిమ్మకాయతో, ఒకరు ఎండుమిరపకాయలతో. మిరపకాయలు నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. ఘాటు వచ్చింది. అందరం కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని దగ్గాం. దగ్గుతూనే దిష్టి అని తేల్చాం.

ఆయుర్వేదం ఆచారిగారు మాత్రం నాడి చూసి, "తిండి తగ్గించండి" అన్నారు. ఆయన మాట ఎవరికీ నచ్చలేదు. అయినా వాము నీళ్ళు పట్టించి, జావ ఒక్కటే పెట్టారు.

ఆ మధ్యాహ్నం పేర్రాజు కాగితం, కలం తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏవండీ, రాయకండి. రెండ్రోజులు చూద్దాం. ఇంకా యాభై రోజులు ఉండాల్సిన పిల్లండీ" అంది మంగతాయారు.

"మాటిచ్చాను తాయారూ."

"నా చేతి అన్నం తిని జబ్బు పడిందని తీసుకుపోతే, నేనింక ఎవరికి వడ్డించేది?"

ఆయన కాగితం మీదకి వంగాడు. ఉత్తరం రాసి బల్లకట్టు మీద పంపించాడు. అప్పుడు మంగతాయారు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. నోరు మూతపడని మనిషి ఆ పూటంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఎప్పుడెప్పుడు ఆపుతుందా అని చూసే మేం, అరుగు మీద భయం భయంగా కూర్చున్నాం.

మూడో రోజుకి చియో లేచి నడిచింది. పేర్రాజు భోంచేస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఆయన పెరుగన్నం తిన్నాడు. ఆకు పై అంచు పట్టుకుని తన వైపుకి మడిచాడు. అదే సమయానికి మంగతాయారు అన్నం గిన్నే, గరిటా పట్టుకుని వస్తోంది. మడిచిన ఆకుని చూసింది, మారు మాట లేకుండా వెనక్కి తిరిగింది.

చియో ఆకుని చూసింది. గరిటని చూసింది. మళ్ళీ ఆకుని చూసింది.

మర్నాడు చియోకి అన్నం పెట్టబోతే ఆ పిల్ల వెండి కంచాన్ని రెండు చేతులతో పక్కకి జరిపింది. పెరట్లోకి వేలు చూపించింది. సరే, ముచ్చట పడుతోంది కదా అని చిన్న ఆకు వేశారు. కాస్త చారన్నం వడ్డించారు. చియో మెతుకు వదలకుండా తింది. తిని, గబుక్కున ఆకు మడిచేసింది. మళ్ళీ ఎవరైనా తెరుస్తారేమో అన్నట్టు దాని మీద రెండు అరచేతులూ పెట్టి నొక్కిపట్టి, మంగతాయారు మొహంలోకి చూసింది.

మంగతాయారు చేతిలో గరిట ఆగిపోయింది.

"ఓసి నా తల్లో! నీకు కడుపు నిండితే చెప్పే దారి కూడా లేకుండా చేశామటే? కంచాన్ని ఎలా మడుస్తావే తల్లీ!" అని అక్కడే కూలబడింది. పిల్లని దగ్గరికి లాక్కుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఊరికి కబురు పంపింది. "ఇంక ఎవరైనా ఈ పిల్లకి రెండోసారి వడ్డిస్తే గరిట విరిచేస్తా" అని. మమ్మల్ని కాదనుకో, ఆ మాటలు మిగతావాళ్ళకి.

కానీ ఉత్తరం వెళ్ళిపోయింది కదా. గురువారం పొద్దున్న జపానావిడ బల్లకట్టు దిగింది. మొహంలో నవ్వు లేదు. వస్తూనే పిల్ల నుదురు చూసింది, పొట్ట చూసింది. పిల్ల బట్టలన్నీ తనే సంచిలో సర్దింది.

"మీ ఆదరణకు కృతజ్ఞురాలను. మధ్యాహ్నపు బల్లకట్టులో మేము వెళ్ళెదము" అంది.

మంగతాయారు "భోంచేసి వెళ్ళండి" అంది, అంతే.

ఆకులు వేశారు. ఊరి మర్యాద పోకూడదని మేం కూడా తలో గిన్నె పట్టుకుని వెళ్ళాం. జపానావిడ ఆకులో ఉన్నదంతా గింజ గింజా ఏరుకుని తింది. ఆకు అద్దంలా మెరిసింది.

ఇప్పుడు చెప్పు, మేమేం చేయాలి? పిల్ల సంగతి తెలుసుకున్నాం, నిజమే. పెద్దవాళ్ళ సంగతి ఎవరు చెప్పారు? కామేశ్వరమ్మ పులిహోర వేసింది. ఆవిడ తినేసింది. అచ్చియ్యమ్మ బూరెలు వేసింది. "చాలును" అంటూనే అవీ తినేసింది. నుదుటి మీద చెమటలు పట్టాయి. మూడో ఆవిడ గారెలు పట్టుకుని వంగింది.

అప్పుడు చియో లేచి, వాళ్ళమ్మ పక్కకి వెళ్ళి, వంగి, వాళ్ళమ్మ ఆకుని టక్కున మడిచేసింది.

గారె గాల్లోనే ఆగిపోయింది.

జపానావిడ ఆకు వంక చూసింది. ఆగిపోయిన ముగ్గురి చేతుల వంకా చూసింది. కూతుర్ని ఏదో అడిగింది. చియో వాళ్ళ భాషలో చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో మాకు తెలీదు గానీ, మధ్యలో వేలు మాత్రం మా ఒక్కొక్కరి మీదా ఆగుతూ పోయింది. చివరికి మంగతాయారు దగ్గరికి వచ్చేసరికి వేలు దించి, వెళ్ళి ఆవిడ కొంగు పట్టుకుంది.

జపానావిడ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చెయ్యి తీసేసి నవ్వింది. ఆ తర్వాత సంచి విప్పి, పిల్ల బట్టలు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టింది.

మధ్యాహ్నం బల్లకట్టులో ఆవిడ ఒక్కతే వెళ్ళింది. చియో, మంగతాయారు ఒడ్డున నిలబడి చేతులు ఊపారు. జడకి అందని ఆ పొట్టి జుట్టుకి ఎక్కడ గుచ్చిందో గానీ ఒక మల్లెపూల దండ గుచ్చింది మంగతాయారు.

మిగిలిన ఆ రోజులన్నీ ఆ ఇంట్లో నవ్వులు మా ఇంట్లోకి వినపడేవి. తొలకరి పడగానే చియో వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా మంగతాయారు చాలా రోజులు పెరట్లోంచి ఒక చిన్న ఆకు ఎక్కువ కోసుకొచ్చేది. ఎందుకని మేమెవరం అడగలేదు. అడిగితే చెప్పే మనిషే, అయినా అడగలేదు.

కథ కంచికి బయలుదేరె,
కాకి గూటికి చేరె,
కబుర్లు చాలు కన్నా,
కళ్ళు మూయి చిన్నా.
కంచికెళ్ళేవాళ్ళు కంచికి,
మనం మనింటి మంచానికి.