మేడిశెట్టి వారి కంప్యూటర్‌కి జ్వరం లేదు

మా వీధి మొత్తానికి తెలివైన ఇల్లు మేడిశెట్టి తాతబ్బాయి గారిది. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అంటారు. పొద్దున్నే అరుగు మీద వేపపుల్ల నములుతూ తాతబ్బాయి గారు వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ చెబుతారు. "మా ఇంట్లో నలుగురం. నలుగురికీ బుర్రుంది. ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఆయ్!"

అది మాత్రం నిజం. ఎదురింట్లో ఉంటున్న పాపానికి ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఓసారి డాక్టరు గారు రోజూ ఒక కిలోమీటరు నడవమన్నారు. తాతబ్బాయి గారు సరిగ్గా కిలోమీటరు నడిచి కాలవ వంతెన మీద కూర్చుండిపోయారు. వెనక్కి రమ్మని డాక్టరు చెప్పలేదట! సాయంత్రానికి నేనే ఆటో తీసుకెళ్ళి ఇంటికి చేర్చాను.

ఆయన కొడుకు సత్తిపండు పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తానని కెమెరా కొన్నాడు. వాడికి తగిలిన మొట్టమొదటి పెళ్ళి ధాన్యం వ్యాపారి గంగరాజు గారి అమ్మాయిది. పెళ్ళికి రెండ్రోజుల ముందు గంగరాజు గారి తల్లి పేరమ్మ గారు బాత్రూములో జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆవిడ ఒళ్ళో పెరిగిన పిల్ల, ఆ పిల్ల పెళ్ళే ఆవిడ చూడలేకపోయింది. ఆసుపత్రి మంచం మీద ఆవిడ ఏడుస్తుంటే సత్తిపండు చేతులు పట్టుకుని మాటిచ్చాడు. "పదహారు రోజుల పండక్కి హాల్లో పెద్ద టీవీలో పెళ్ళంతా చూపిస్తాను మామ్మగారూ." వాడికి బుర్ర లేకపోవచ్చు గానీ మనసు మంచిది.

పాత కంప్యూటర్ అంత పనికి మొరాయించింది. వాళ్ళ మేనమామ కొడుకు లోవరాజు కాకినాడలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాడు ఏమేం కావాలో చెబితే విడిభాగాలన్నీ తెచ్చుకుని అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లోనే కూర్చడం మొదలెట్టారు. చెల్లెలు మంగతాయారు కాగితం చూసి చదువుతుంది, సత్తిపండు బిగిస్తాడు. తల్లి అచ్చియమ్మ గారు హారతి పళ్ళెంతో సిద్ధంగా నిలబడ్డారు. చూడముచ్చటగా ఉంది కదా అని నేనూ వెళ్ళి కూర్చున్నాను.

కంప్యూటర్‌కి మెదడు లాంటి బిళ్ళ ఒకటుంటుంది, ప్రాసెసర్ అంటారు. అది పనిచేస్తే వేడెక్కిపోతుంది. ఆ వేడి లాగేయడానికి దాని నెత్తిన ఫ్యానున్న రాగి దిమ్మ ఒకటి బిగిస్తారు. నేను కళ్ళజోడు కోసం ఇంటికెళ్ళొచ్చేసరికి అన్నీ బిగించేశారు, స్విచ్ వేశారు, తెర వెలిగింది. అచ్చియమ్మ గారు హారతిచ్చారు. ఐదు నిమిషాల్లో ఠప్పుమని ఆరిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ ఐదు నిమిషాలు. అంతే!

లోవరాజుకి ఫోన్ చేశారు.

"వేడి ఎంత చూపిస్తోంది బావా?" అన్నాడు.

"తొంభై ఎనిమిది."

"అమ్మో! అంతుందా?"

"అంతే బావా. మనిషికైనా ఉండాల్సింది అంతేగా. జ్వరమేం లేదు," అంది మంగతాయారు పక్కనుంచి.

కంప్యూటర్ చూపించేది సెంటీగ్రేడు, అంటే దాదాపు నీళ్ళు మరిగే వేడి. ముందు మూత తీసి చూడండి అన్నాడు లోవరాజు. ఇంకేముంది, పెట్టె మూత తీసి, చుట్టూ పీటలేసుకుని నలుగురూ చూడటం మొదలెట్టారు. గంట గడిచింది. అచ్చియమ్మ గారు అన్నం కూడా అక్కడే వడ్డించారు. "ఎంతసేపు చూడాలో చెప్పలేదేంట్రా మీ బావ," అని తాతబ్బాయి గారు విసుక్కున్నారు.

మర్నాడు మళ్ళీ ఫోన్. చల్లబడేదాకా దానికి పని చెప్పకండి అన్నాడు లోవరాజు. అంతే, ఆ ఇంట్లో పని అన్న మాటే నిషేధం అయిపోయింది. "వంట..." అని అచ్చియమ్మ గారు నోరు తెరిస్తే మొగుడు నోరు మూశాడు. "ష్! దాని ముందా?" రెండ్రోజులు అంట్లు కూడా తోముకోలేదు. కంప్యూటర్ చల్లగానే ఉంది, ఎందుకంటే ఎవరూ స్విచ్ వెయ్యలేదు. వేయగానే మళ్ళీ తొంభై ఎనిమిది.

అటు పండగ దగ్గర పడుతోంది. సత్తిపండు అన్నం తినడం మానేశాడు. "మామ్మగారికి నా మొహం ఎలా చూపించను మాస్టారూ," అని మా గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఈసారి లోవరాజు అన్నాడు, "రాగి దిమ్మ పైకి తీయండి. దానికీ బిళ్ళకీ మధ్య రాయడానికి చిన్న గొట్టంలో తెల్లటి ముద్ద ఇచ్చాడు చూడండి, అది బఠాణీ గింజంత పెట్టి మళ్ళీ బిగించండి."

ఇందులో తప్పు చెయ్యడానికి ఏముంటుంది అనుకుంటాం మనం.

"ఎండు బఠాణీయా, నానబెట్టిందా?" అన్నారు తాతబ్బాయి గారు.

లోవరాజు ఫోన్ పెట్టేశాడు పాపం. ఎండుదంటే బొత్తిగా చిన్నది, నానినదంటే దానికి రెండింతలు. మెదడు వ్యవహారం, తొందర పడకూడదు. అచ్చియమ్మ గారు పావుకిలో బఠాణీలు నానబెట్టారు. ఓ పూట పోయింది. నానిన గింజ పళ్ళెంలో పెట్టుకుని, దాని పక్కన ముద్ద పిండి, కంటికి ఆనించి కొలిచి, రాగి దిమ్మ పైకి తీశారు. మిగిలిన బఠాణీలతో ఆ పూట కూర.

ఆ దిమ్మ అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. దాని మీద ఎర్ర ఇంగ్లీషు అక్షరాలు. మంగతాయారు కూడబలుక్కుని చదివి అర్థం చెప్పింది. "వాడే ముందు దీన్ని తీసేయవలెను."

నేను గనక అక్కడుంటే కథ ఇక్కడితో అయిపోయేది. లేను. వాళ్ళింట్లో కొత్త వస్తువు మీద కవరు తీయడం ఆచారం లేదు. ఫ్రిజ్‌కి పదకొండేళ్ళ నాటి అట్ట అలాగే ఉంది, సోఫాలో కూర్చుంటే కరకరమంటుంది, టీవీ రిమోట్‌ని ప్లాస్టిక్ సంచీ మీంచే నొక్కుతారు. కవరు తీస్తే వస్తువు పాతబడిపోదూ?

అయినా అక్షరం తప్పకూడదు కదా. తాతబ్బాయి గారు బాగా ఆలోచించారు.

"వాడే ముందు తియ్యమన్నాడు. మనం వాడేశాం. ఆ ముందు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు తీస్తే తప్పు చేసినట్టే."

"నాన్న బుర్రే బుర్ర," అన్నాడు సత్తిపండు. ముద్దని ఆ ప్లాస్టిక్ మీదే అందంగా పెట్టి బిగించేశాడు. తొంభై తొమ్మిది.

పండగ రోజు పొద్దున్నే లోవరాజు బస్సెక్కి తనే వచ్చాడు. దిమ్మ తీశాడు, చూశాడు, నెత్తిన చెయ్యేసుకున్నాడు. ఏం మాట్లాడకుండా ప్లాస్టిక్ పీకి, తుడిచి, కొత్త ముద్ద రాసి బిగించాడు. వేడి నలభై రెండుకి దిగింది. "పెళ్ళంతా ఒక్క వీడియోగా తయారవ్వాలంటే రెండు గంటలు పడుద్ది. మొదలెట్టాక అయ్యేదాకా కరెంటు తీగ పీకొద్దు," అని చెప్పి, తిరుగు బస్సు వేళవుతోందని పరిగెత్తాడు.

వాడు వీధి మలుపు తిరిగాడో లేదో, అచ్చియమ్మ గారు శోకాలు మొదలెట్టారు. "నలభై రెండంట! ఒళ్ళు చల్లబడిపోతోంది, ఇంక దక్కదు!" ఇంకేముంది, రెండు రగ్గులు, ఒక దుప్పటి కప్పేశారు. నేను కేకలు విని వెళ్ళేసరికి తొంభై ఆరు. "కోలుకుంటోంది మాస్టారూ," అంది మంగతాయారు సంతోషంగా. రగ్గులన్నీ లాగి అవతల పారేసి, ఇంకెవరూ దాన్ని ముట్టుకోవద్దని దండం పెట్టాను.

అప్పుడే గంగరాజు గారి ఫోన్. భోజనాలు గంటలో మొదలు, వీడియో పట్టుకుని వెంటనే హాలుకి వచ్చెయ్యమని, అమ్మ టీవీ ముందు కుర్చీ వేయించుకుని కూర్చుందని. సత్తిపండుకి ఒకటే చిక్కు. హాలు వీధి చివర. వెంటనే వెళ్ళాలి. తీగ మాత్రం పీకకూడదు.

మేడిశెట్టి వారి బుర్రలకి అదో లెక్కా? ఇంటింటికీ తిరిగి ఎక్స్‌టెన్షన్ బోర్డులు అడిగి తెచ్చారు. నా రెండూ పట్టుకెళ్ళారు. ఇరవై ఎనిమిది బోర్డులు ఒకదానికొకటి తగిలించి, చివర కంప్యూటర్ తగిలించి, అప్పుడు వీడియో తయారీ మొదలెట్టారు. తాతబ్బాయి గారు ఇంట్లో ప్లగ్గు దగ్గర కాపలా. సత్తిపండు నెత్తిన కంప్యూటర్, మంగతాయారు చేతిలో తెర, వెనకాల అచ్చియమ్మ గారు గొడుగు పట్టుకుని, వీధి పొడుగునా తీగ వదులుకుంటూ ఊరేగింపుగా హాలుకి చేరారు. అక్కడికెళ్ళి రెండు గంటలు దాని చుట్టూ నిలబడ్డారు. జనం భోజనాలు ముగించి చేతులు కడుక్కునే వేళకి వీడియో పూర్తయింది. నేను నమ్మలేకపోయాను.

పెద్ద టీవీకి తగిలించి మొదలెట్టారు. పేరమ్మ గారు ముందుకి వంగి కూర్చున్నారు. మనవరాలు గౌరీపూజ చేస్తోంది, బుట్టలో వస్తోంది, జీలకర్ర బెల్లం అయింది. ఆవిడ కళ్ళు ఆర్పడం లేదు.

"కాస్త లైట్లు ఆపించవయ్యా, బొమ్మ సరిగ్గా ఆనట్లేదు," అన్నారు గంగరాజు గారు.

గోడ మీద స్విచ్చులున్నాయి. కానీ కరెంటు వాళ్ళింటి నుంచి కదా వస్తున్నది! సత్తిపండు ఫోన్ తీశాడు. "నాన్నా, లైట్లు ఆపమంటున్నారు."

తాతబ్బాయి గారు ఇంట్లో లైట్లన్నీ ఆపారు.

"ఇంకా వెలుగుతున్నాయి నాన్నా."

"అలాగా? ఉండు." మెయిన్ లాగేశారు.

అంతే! పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచి నిలబడ్డ క్షణాన బొమ్మ పోయింది. లైట్లు మాత్రం శుభ్రంగా వెలుగుతున్నాయి. "కట్టాడా, లేదా?" అని గాభరాగా అడిగారు పేరమ్మ గారు. పదహారు రోజుల కాపురం చేసిన మనవరాలు పక్కనే కూర్చుని ఉంది.

"నాన్నా, ఇక్కడికి కరెంటు రావట్లేదు!" అని సత్తిపండు ఫోన్లో ఏడుపందుకున్నాడు.

"కంగారు పడకు. నేను తెస్తాను."

నాకింక ఓపిక పోయింది. కంప్యూటర్ తీగ పట్టుకున్నాను. "పీకొద్దన్నాడు బావ!" అని అన్నాచెల్లెళ్ళు నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, పీకి, గోడకున్న ప్లగ్గులో గుచ్చాను. తెర వెలిగింది. వీడియో ఎక్కడికీ పోలేదు. మళ్ళీ పెట్టించాను. పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేశాడు. పేరమ్మ గారు మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని భోరుమన్నారు. సత్తిపండు కూడా. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో తాతబ్బాయి గారు ప్రత్యక్షమయ్యారు. చెమటలు కారుతున్నాయి. భుజాల మీద ఇరవై ఎనిమిది బోర్డులూ, వాటి తీగలూ. కుడి గుప్పిట్లో, ఇంటి గోడ నుంచి ఊడబీకిన ప్లగ్గు. దాన్ని గుండెకి హత్తుకుని, ఒళ్ళు కదలకుండా మెల్లగా అడుగులో అడుగేసుకుంటూ వచ్చారు. వెలుగుతున్న తెర చూసి మొహం ఇంత చేసుకున్నారు.

"చూశారా మాస్టారూ! నేనింకా గుమ్మంలో ఉండగానే అందేసుకుంది. దారి పొడుగునా చుక్క ఒలకనివ్వలేదు. అమ్మాయ్, ఎవరైనా ఓ గిన్నె పట్రండి, మిగిలింది ఒంపేస్తాను. చెయ్యి పీకుతోంది."