ఓబులేసు చేసిన యుద్ధం

ఓబులేసుకు రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఎన్నికల్లో నిలబడ్డాడు మరి. ఊరూరా గోడల మీద తుపాకీ పట్టుకున్న అతని బొమ్మ, కింద ‘సరిహద్దులో పోరాడిన వీరుడు’ అని రాత. “ఏ యుద్ధంలో పోరాడాడో చెప్పమనండి చూద్దాం!” అని అవతలి అభ్యర్థి సవాలు విసిరాడు. సాయంత్రం సభలో జవాబు చెప్పాలి.

నిజమేమంటే, ఓబులేసు పటాలంలో వంటవాడు. పోరాటం జరిగిన కొండ కింద వండాడు గానీ, కొండ ఎక్కలేదు. గరిటె తిప్పానంటే ఓట్లెవరు వేస్తారని, మహానుభావుడు ఒక్క మాట కలిపాడు. ఆ ఒక్కటీ పిల్లల్ని పెట్టింది.

పరుగున దర్గాకు వచ్చి, గురువు జమాల్ సాయిబు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“సామీ, పరువు పోయేట్టుంది. ఏం చెప్పమంటారు?”

ఆ దర్గాలో ఒక ఆచారముంది. మొర పెట్టుకోవడానికి వచ్చినవాడు, అదే పనిమీద వచ్చిన ఇంకొకరికి ముందు అన్నం వడ్డించాలి. ఆ తర్వాతే గురువు నోరు విప్పుతారు. సాయిబు అతని చేతికి విస్తరి ఇచ్చి, గోడవార కూర్చున్న ముసలమ్మను చూపించారు.

ఓబులేసు వడ్డించాడు. ఆమె అన్నం చూడలేదు, అతని ముఖమే చూసింది.

“గోడ మీద బొమ్మ నీదే కదా నాయనా? నేను పెంచలయ్య తల్లిని. ఆ సరిహద్దు కొండ మీదే పోయినాడు నా బిడ్డ. నువ్వు పక్కనే ఉండి పోరాడినావంట. ఆఖరికి ఏమన్నాడో చెప్పు నాయనా.”

‘అమ్మా అన్నాడు’ అంటే చాలు, నమ్మేస్తుంది పిచ్చితల్లి. మాట నోటిదాకా వచ్చింది కూడా. దిక్కుతోచక ఓబులేసు గురువు వైపు చూశాడు. ఆయన తల వంచుకుని విస్తళ్లు తుడుచుకుంటున్నారు.

“నేను కొండెక్కలేదమ్మా,” అన్నాడు చివరికి. “వంటవాణ్ణి. అందరికీ అబద్ధం చెప్పినాను. కానీ నీ కొడుకు నాకు తెలుసు. మనవైపు వాణ్ణని ఎప్పుడూ నా పొయ్యి దగ్గరే తిరిగేవాడు. ఆ పొద్దు పైకి పోయే ముందు చారన్నం పెట్టమన్నాడు. మారు అడిగి తిన్నాడు. ‘మాయమ్మ చేసినట్టే ఉందన్నా’ అన్నాడు.”

ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

“కడుపు మాడి పోయినాడేమోనని ఇన్నేళ్లూ కుమిలినాను తండ్రీ,” అంది. కళ్లు తుడుచుకుని విస్తరి దగ్గరకు లాక్కుంది.

బయట ప్రచారం జీపు హారన్ కొడుతూనే ఉంది. ఓబులేసు కదల్లేదు.

జమాల్ సాయిబు తలెత్తారు.

“ఇన్నాళ్లూ నువ్వు దాచిపెట్టింది ఇదేనా, బిడ్డా?”