గవరయ్య ఇంటి గట్టిమేళం

గవరయ్యకు తన ఇంటి తెలివి మీద మహా గర్వం. అన్నదమ్ములు ముగ్గురూ మేళగాళ్ళే. తను డోలు, నడిపివాడు సింహాద్రి సన్నాయి, చిన్నవాడు పోలయ్య తాళాలు. ఊళ్ళో ఏ పెళ్ళికైనా వీళ్ళే. మరి గవరయ్య కూతురు హైమ పెళ్ళికో? పెళ్ళివారే వాయించుకుంటే పరువేం కాను!

హైమ కంప్యూటరు చదువు చదివింది. వాయిద్యాలు లేకుండానే వాటి చప్పుళ్ళు పుట్టించే ప్రోగ్రాం తనే రాసి, తండ్రికి చదివి వినిపించింది.

"మైకులో గట్టిమేళం అన్న మాట పడితే డోలు మోగించు, పడకపోతే సన్నాయి ఊదు. అంతే నాన్నా. తాళి కట్టేటప్పుడు పంతులుగారు అంటారు. అప్పటిదాకా మైకు దగ్గర ఎవర్నీ ఆ మాట అననీకు."

"అననిస్తానా తల్లీ!"

తాళి వేళ గట్టిమేళం లేక ఎవరి తుమ్మో వినపడితే అపశకునం. గవరయ్య భయమంతా అదే. అందుకని, ఆ మాట ఎవరూ అనకుండా చూడమని పోలయ్యను మైకు దగ్గరికి పంపాడు. వాడు నేరుగా మైకు అందుకుని, "ఎవరూ గట్టిమేళం అనకండోయ్!" అని చాటాడు. ఇంకేముంది, డోలు దడదడలాడింది. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి జీలకర్ర బెల్లం పంతులుగారి నెత్తిన పెట్టేశాడు.

గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏమన్నావురా?"

"గట్టిమేళం అనొద్దన్నానన్నాయ్!"

మళ్ళీ దడదడ.

"గట్టిమేళం అనొద్దని కూడా అనకూడదురా!"

మూడోసారీ దడదడ. సింహాద్రికి బుర్ర వెలిగింది. మాట పడకూడదు, అంతేగా! మైకును తలపాగాలో చుట్టి బియ్యం బస్తాలో పాతేశాడు. గవరయ్య మురిసిపోయి తమ్ముడి భుజం తట్టాడు.

తాళి కట్టే వేళ వచ్చింది. "గట్టిమేళం! గట్టిమేళం!" పంతులుగారు గొంతు చించుకుంటున్నారు. సన్నాయి తాపీగా సాగుతోంది. వియ్యపురాలికి తుమ్ము ముంచుకొచ్చి ముక్కు పట్టుకుంది. 

"నువ్వైనా అరవ్వయ్యా, గవరయ్యా!" అన్నారు పంతులుగారు.

"అమ్మో, అమ్మాయికి మాటిచ్చానండి!"

"నాన్నా, డోలు! నీ డోలు!" అని అరిచింది హైమ.

గవరయ్య నాలిక్కరుచుకున్నాడు. నిజమే, మోగించు మోగించు అంటే పాపం కంప్యూటరు దగ్గర డోలేదీ? అంతే, లోపలికి పరుగెత్తి తన డోలు తెచ్చి కంప్యూటరు ముందు పెట్టాడు. కర్ర కూడా పక్కనే పెట్టాడు. "ఇక మోగించు నాయనా!"

"హా... హా..." అంటోంది వియ్యపురాలు.

హైమ పీటల మీంచి ఒక్క ఉరుకు ఉరికి, కర్ర లాక్కుని డోలు దద్దరిల్లేలా వాయించింది. వెనకాలే వచ్చిన పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేశాడు. వియ్యపురాలు తుమ్మింది గానీ ఎవరికీ వినపడలేదు.

గవరయ్యకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. మేళగాళ్ళకిచ్చే కొత్త పంచె తెచ్చి కంప్యూటరుకు కప్పాడు.

"చూశారా, డోలు చేతికిచ్చాక ఎంత బాగా వాయించిందో!"