సింహాసనం పక్కన గొంగళి

ఒకానొక రాజ్యం, పేరు కలువపురి. దాన్ని ఏలే గజకేసరి మహారాజుకు అసూయ తప్ప మరే జబ్బూ లేదు.

ఆయన కాశీయాత్రకు బయలుదేరబోతున్నాడు. రాజు తిరిగొచ్చేదాకా రాజ్యం ఏలే అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకోవడం అక్కడి ఆచారం. జనమంతా ఉప్పు వర్తకుడు కొండప్ప పేరే చెప్పారు. కిందటేడు వరదల్లో తన ఎడ్లబండ్ల మీద ఊళ్ళకు ఊళ్ళను గట్టెక్కించినవాడు మరి!

ఆ పేరు వినగానే రాజుగారి అసూయ భగ్గుమంది. మొన్న ఊరేగింపులో తాను అంబారీ మీద ఉంటే, జనం కొండప్ప బండి వైపు తిరిగి జేజేలు పలికారు. అది ఆయన ఇంకా మరిచిపోలేదు.

సభ తీర్చాడు. సింహాసనం పక్కనున్న పట్టుమూటను అలవాటుగా కళ్ళకద్దుకుని కూర్చున్నాడు. వంశకర్త మూట అది. దాన్ని తాకనిదే ఏ రాజూ సింహాసనం ఎక్కకూడదు.

"కొలువు ముఖం ఎరగనివాడికి రాజ్యమేమిటి ప్రభూ!" అన్నారు మంత్రులు. ఆ అధ్యక్ష పీఠం మీద వాళ్ళందరికీ కన్నుంది.

"తగడని తేలితే వాణ్ణి పొలిమేర దాటించండి" అన్నాడు రాజు.

విదూషకుడు పేరిభట్టు లేచాడు. "ఒక మనిషి సంగతి విన్నవిస్తాను. తగునో తగడో తమరే సెలవివ్వండి. కొలువులో అడుగు పెట్టి ఎరగడు. శాస్త్రం చదవలేదు. ఆపదలో జనాన్ని కాపాడాడు. అందుకే జనం పట్టం కట్టమన్నారు."

"తగడు! అలాంటివాడి ఆనవాలు కూడా ఈ సింహాసనం దగ్గర ఉండకూడదు. ఇది నా ఆజ్ఞ!"

"చిత్తం" అంటూ పేరిభట్టు పట్టుమూటను చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. సభ బిత్తరపోయింది.

"ఓరి భట్టూ! మా వంశకర్త మూట ఎక్కడికిరా?"

పేరిభట్టు ముడి విప్పాడు. లోపల ఒక చిరుగుల గొంగళి.

"పారేయడానికే ప్రభూ. ఇది కప్పుకున్నాయన గొర్రెలు కాసుకునేవాడు. దొంగల దండు వస్తే ఊరిని కొండ గుహల్లో దాచి కాపాడాడు. జనం పట్టం కట్టారు. తగడని ఇప్పుడే తమరు తేల్చారు కదా!"

రాజు ముఖం ఎర్రబడింది. గొంగళిని చేతిలోకి తీసుకుని కాసేపు తడిమాడు.

"సరే, కొండప్పే అధ్యక్షుడు" అని, గొంతు తగ్గించి అడిగాడు. "కానీ భట్టూ, వాడు నాకంటే బాగా ఏలితే?"

"అంతటివాణ్ణి ఎవరు కూర్చోబెట్టారని పొరుగు రాజ్యాలవాళ్ళు అడుగుతారు ప్రభూ. తమరి పేరే చెబుతాను."

రాజు పకపకా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు.




"ఆ మాట గట్టిగా చెప్పాలి సుమా!" అన్నాడు.