రాతి బొరియలో పోలరాజు

సరుగుడు తోపు జంతువులు గాజు తొట్టిలో సముద్రపు నీళ్లు పోసి చిట్టి చేపల్ని పెంచుతున్నాయి. దాక్కోడానికి ఇల్లు లేదని చేపలు గోల పెడితే, తాబేలు తాత సముద్రంలోంచి ఒక రాయి మోసుకొచ్చాడు. ఆ రాతి బొరియలో పోలరాజు అనే పీత చేపల మీద ఆశతో గుటకలు మింగుతూ కూర్చున్నాడు.

'పల్లకీలో తీసుకెళ్లి విందులో దింపుతున్నారు!' అనుకున్నాడు.

ఇంతలో బయట బాతమ్మ గొంతు వినిపించింది. "ఛీ, ఈ రాయికి ఎంత మురికో! తాతా, కుండలో పడేసి ఉడకబెట్టేద్దామేటి?"

పోలరాజు గబగబా బొరియ చివరికంటా నక్కాడు.

"ఓసి పిచ్చిదానా! ఈ రాతికి పట్టుకున్నవాటిల్లో విషమున్నవి ఉంటాయి. ఉడకబెడితే ఆ విషం ఆవిరితో లేచి మన కళ్లకీ ఊపిరికీ తగులుద్ది. పైగా నీళ్లు శుభ్రం చేసే చిన్నచిన్న ప్రాణులన్నీ చస్తాయి. అవి పోతే ఇది ఒట్టి బండే!"

'వెయ్యేళ్లు బతుకు తాతా' అని పోలరాజు మనసారా దీవించాడు.

తాత చేతులకి తొడుగులు వేసుకుని చచ్చిన నాచంతా బ్రష్షుతో రుద్దేసి, రాయిని ఉప్పునీళ్లున్న వేరే తొట్టిలో పెట్టాడు. "కుళ్లు వాసన పూర్తిగా పోయాకే చేపల దగ్గరికి," అన్నాడు.

పోలరాజుకి చివరి మాటొక్కటే చెవికెక్కింది. బొరియలోంచి తొంగి చూశాడు. చేపల్లేవు. 'పాపం, సిగ్గుపడుతున్నాయి' అనుకున్నాడు.

రోజులు గడిచాయి. కంపు భరించలేక బాతమ్మ తల పక్కకి తిప్పుకుని నీళ్లు మార్చేది. చేపలు మాత్రం రాలేదు. పోలరాజు ఆకలికి అల్లాడిపోయి రాయిని గీకడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడు తాత విన్నాడు. గాజు గ్లాసులో రొయ్య తల వేసి, రాతికి ఆనించి వాల్చి పెట్టాడు.

'హమ్మయ్య, మర్యాదలు మొదలయ్యాయి!' పోలరాజు దర్జాగా గ్లాసులోకి దిగాడు. తిన్నాక పైకి ఎక్కబోతే నున్నటి గాజు మీద కాళ్లు జర్రున జారాయి.

తాత వంగి చూశాడు. "ఏం పోలరాజూ, ఏ పని మీద వచ్చావు?"

"ఊరికే, చుట్టపుచూపుగా తాతా."

"చేపల్ని తిందామనేగా?"

"రామరామ! నేను ఉపవాసం!" అన్నాడు, నోట్లోంచి రొయ్య మీసం వేలాడుతుండగా.

బాతమ్మ నవ్వలేక కూలబడింది. తాత గ్లాసు తీసుకెళ్లి సముద్రంలో బోర్లించాడు. వాసన పోయాక రాయి గాజు తొట్టిలో చేరింది, చేపలు అందులో కాపురం పెట్టాయి. అలల్లో బోర్లాపడ్డ పోలరాజు మాత్రం, ఆ చేపలకి అసలు మర్యాదే తెలీదని ఇప్పటికీ అందరితో చెబుతుంటాడు.

నీతి: కొత్తగా వచ్చినదాన్ని కొన్నాళ్లు గుమ్మం బయట ఉంచి చూస్తే, ఇంట్లోవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు.