ఎర్రగీత దాటిన ముల్లు

మీటర్ బోర్డు చెడిందని ఎలా తేల్చుకోవాలని ఒకనాడు సుభానీ తన గురువును అడిగాడు.

గురువు దావీదు మేస్త్రి విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల మీటర్ బోర్డులు బాగుచేస్తూ నలభై ఏళ్ళు గడిపినవాడు. వెలగని అంకెలకూ కదలని ముళ్ళకూ టంకం పెట్టి పెట్టి ఆయన కళ్ళు అలసిపోయాయి. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళజోడు తీసి, రెప్పలు నొక్కుకుంటూ కూర్చునేవాడు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. సుభానీ ముప్పై దాటినవాడు, టీవీల రిపేరు పని తగ్గిపోయాక ఇటు వచ్చినవాడు. జవాబు కోసం తొందరపెట్టలేదు.

ఆ వారమే గుడివాడ నుంచి రత్తయ్య అనే డ్రైవరు ఇరవై ఏళ్ళనాటి కారు తెచ్చాడు. వారానికి మూడు రోజులు ముగ్గురు కిడ్నీ రోగులను డయాలసిస్‌కు తీసుకొచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చడం అతని పని. ఆవేళ కూడా వాళ్ళను ఆసుపత్రిలో దించి వచ్చాడు. ఇంజను వేడి చూపే ముల్లు ఎప్పుడూ ఎర్రగీత దగ్గరే ఉంటోందని, బోర్డు ఇప్పటికే రెండుచోట్ల మార్పించానని, ఇంకొకటి వేయమని అడిగాడు.

సుభానీ షెడ్డులో ఉన్న మరో బోర్డు బిగించి ఇంజను నడిపించాడు. కాసేపటికి ఆ ముల్లూ లేచి ఎర్రగీత దాటింది. ఇదీ చెడ్డదేనేమోనని ఇంకొకటి తీయబోయాడు. మేస్త్రి లేచి వచ్చి, బానెట్ ఎత్తి, శిష్యుడి చెయ్యి పట్టుకుని ఇంజను దగ్గరకు తీసుకెళ్ళాడు. అడుగు దూరంలోనే అరచేతికి సెగ కొట్టింది. నీళ్ళ పంపు కింద సన్నగా ధార కారుతోంది.

సుభానీ తల దించుకున్నాడు. రత్తయ్య దించుకోలేదు.

"తెలుసండీ," అన్నాడు. "ఇంజను విప్పితే నాలుగు రోజులు బండి ఆగుతుంది. వాళ్ళు నాలుగు రోజులు ఆగలేరు. ఆ ముల్లు చూస్తే భయపడతారని, దాన్ని మధ్యలో నిలబెట్టించుకుందామని వచ్చాను."

ఆ గొంతులో పట్టుబడిన సిగ్గు లేదు. బరువు దించే చోటు దొరకని మనిషి అలసట ఉంది. మేస్త్రి అతన్ని మందలించలేదు. ముల్లును మధ్యలో నిలబెట్టనూ లేదు. తనే ఆ బండిని పక్క షెడ్డులో ఇంజను పనికి అప్పజెప్పి, రత్తయ్యను పని దగ్గర ఉండమని, తన సొంత కారు తాళాలు సుభానీ చేతిలో పెట్టాడు. బండి తయారయ్యేదాకా ఆ ముగ్గురినీ నువ్వే తిప్పు అన్నాడు.

ఆ సాయంత్రం కంకిపాడు దాటాక, వెనక సీట్లో ఉన్న కస్తూరి టీచర్ రత్తయ్య ఏమయ్యాడని అడిగింది. బండి పనికి ఇచ్చాడని సుభానీ చెప్పాడు.

రెండు నెలలుగా ఆ ముల్లును తామూ చూస్తూనే ఉన్నామంది. టీ తాగుదామని ఆపి, తమను హోటల్లో కూర్చోబెట్టి, రత్తయ్య చాటుగా ఇంజనులో నీళ్ళు పోయడం కూడా చూశామంది. మరి అతన్ని ఎందుకు అడగలేదన్నాడు సుభానీ.

"అడిగితే బండి ఆపేస్తాడు బాబూ. మమ్మల్ని ఇంకెవరు తీసుకెళ్తారు? మేం భయపడుతున్నామని తెలిస్తే అతనూ కుంగిపోతాడు."

ముందు సీట్లో కూర్చున్న జకరయ్య అనే నేతపనివాడు, ఇది వేరే కారని తెలిసి కూడా, దిగేదాకా తలుపు పిడి మీద నుంచి చెయ్యి తీయలేదు.

అయిదో రోజున రత్తయ్య బండి తిరిగొచ్చింది. మేస్త్రి అతని పాత బోర్డునే మళ్ళీ బిగించాడు. ముల్లు మధ్యకు కాస్త కిందనే ఆగింది. రత్తయ్య దాని వంక చాలాసేపు చూసి, దండం పెట్టి, ఆసుపత్రి వైపు వెళ్ళిపోయాడు.

అప్పుడు సుభానీ కారులో విన్నదంతా గురువుకు చెప్పాడు. మేస్త్రి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నలుగురికీ తెలుసన్నమాట," అన్నాడు. "పైకి చెప్పింది ఆ ముల్లొక్కటే. మనం మార్చబోయింది దాన్నే."