రాగి నెమలి సాక్ష్యం

సముద్రానికి దాపున ఒకానొక రాజ్యంలో కేసరివర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే గాని, తాను చేయించినదానిలో లోపం ఉందంటే సహించేవాడు కాదు.

ఆయన రాజవీధి కూడలిలో స్తంభం మీద ఒక రాగి నెమలిని నిలబెట్టించాడు. స్తంభం పక్కన ఎర్రజెండా లేచినప్పుడు బండ్లన్నీ ఆగాలి. ఆగకుండా ఏ చక్రమైనా ముందున్న రాతిపలక మీదికెక్కిందా, నెమలి మెడ తిప్పి, ముక్కు తెరిచి, లక్కరంగు చిమ్మేది. ఆ రంగు ఎంత కడిగినా పోదు. జనం దానికి దణ్ణాలు పెట్టేవారు.

"మనిషి సాక్షి లంచం తింటాడు. నా నెమలి తినదు. రంగు పడితే తప్పు పడ్డట్టే!" అనేవాడు రాజు.

రంగు పడ్డ బండిని నెల రోజులు రాజుగారి కొట్టంలో పెట్టాలి. కాదని వాదించి ఓడితే ఎద్దులు కూడా పోతాయి.

కార్తీకమాసం ముందు ఒకరోజు కుమ్మరి పోలయ్య బండి మీద రంగు పడింది. కుండలు కాల్చే ఆవంలో ప్రమిదలు సిద్ధంగా ఉన్నాయి. బండి పోతే వాటిని ఊళ్లకు చేర్చేదెలా? ఏడాది తిండి ఆ నెలలోనే ఉంది.

"బండి ఇచ్చేసి ఊరుకో మావా. రాజుతో వాదమా? ఎద్దులైనా మిగుల్తాయి" అంది భార్య నూకాలు.

"చెయ్యని తప్పు ఒప్పుకుంటే ఆ ఎద్దుల మొహం చూడగలనా?" అన్నాడు పోలయ్య. చివరికి ఆస్థాన విదూషకుడు భావన్న ఇంటికి వెళ్లాడు.

భావన్న నవ్వించేవాడే గాని, ఆ రోజు నవ్వలేదు. "ముందు నిజం చెప్పు. జెండా చూశావా?"

"చూశాను అయ్యగారూ. ఆగాను కూడా."

"మరెందుకు కదిలావు?"

"వెనక డోలీలో మంత్రసాని వచ్చింది. ఎవరికో కాన్పు కష్టమైందట. కూడలికి వచ్చే ఆ సందు ఇరుకు. నేను ముందుకు జరిగితేనే డోలీకి దారి."

భావన్న లేచి పోలయ్య భుజం తట్టాడు. "అయితే తల వంచకు. ఓడితే నీ ఎద్దులతోపాటు నా గుర్రం కూడా కొట్టానికి పోతుంది, సరేనా?"

మర్నాడు పోలయ్య సభలో అడుగుపెట్టాడు. ఆ స్తంభాలు, ఆ సింహాసనం చూసి చెప్పాలనుకున్నదంతా మరచిపోయాడు. భావన్నే ముందుకొచ్చాడు.

"మహారాజా, ఈ కుమ్మరి తాను తప్పు చేయలేదంటున్నాడు. రంగు ఎవరి మీద పడితే వారిది తప్పే కదా?"

"ఎవరి మీద పడినా! నా మీద పడినా సరే!" అన్నాడు రాజు మీసం దువ్వి.

"అయితే ప్రభువులే రథం తోలించి చూపించాలి. జెండా చూసి ఆగినవాడి మీద నెమలి రంగు చిమ్మదని వీడికి బోధపడుతుంది."

రాజు ఉత్సాహంగా బయలుదేరాడు. ఊరంతా వెంట వచ్చింది. ఎర్రజెండా లేచింది. రథం పలక ముందు ఆగింది. నెమలి కదల్లేదు.

"చూశావా కుమ్మరీ!" అన్నాడు రాజు.

అప్పుడే వెనక సందులోంచి భావన్న కేక వినిపించింది. "తొలగండి! డోలీలో మంత్రసాని ఉంది! దారి ఇవ్వండి!"

రాజు వెనక్కి చూశాడు. రథం సందు నిండా ఉంది. "పోనీ, పోనీ! ముందుకు తోలు!" అని సారథి భుజం చరిచాడు.

రథం కదిలింది. నెమలి మెడ తిప్పింది. తెల్లగుర్రాల మీద, రాజుగారి పట్టుబట్టల మీద ఎర్రటి రంగు పడింది.

పోలయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

డోలీలోంచి ముసలి మంత్రసాని దిగి చేతులు జోడించింది. "ఈరోజు కాన్పేమీ లేదు ప్రభూ. ఆ రోజు ఉంది. ఇతను బండి జరపబట్టే సమయానికి వెళ్లాను. తల్లీబిడ్డా బతికారు."

భావన్న నెమ్మదిగా అన్నాడు: "నెమలి అబద్ధం చెప్పలేదు మహారాజా. చక్రం కదిలిందని చెప్పింది. ఎందుకు కదిలిందో దానికి తెలియదు. అది మీరు అడగాలి."

రాజు తన బట్టలు చూసుకున్నాడు. పెదవి బిగించాడు. ఉన్నట్టుండి గుర్రాలు బెదిరేలా నవ్వాడు. "నా నెమలి చేత నన్నే పట్టించావురా భావన్నా!"

మెడలోని ముత్యాల హారం తీసి భావన్న మెడలో వేశాడు. పోలయ్య బండిని వదిలేయమన్నాడు. ఇకనుంచి రంగు పడినవాడు చెప్పేది వినే దాకా శిక్ష ఉండదనీ, వాదించి ఓడినా ఎద్దులను ముట్టుకోకూడదనీ చాటించాడు.

"మరి తమ రథం ప్రభూ?" అన్నాడు సారథి.

"నా మీద పడినా అన్నాను కదా. కొట్టంలో పెట్టు. నెల రోజులు నడుస్తాను."

"ప్రభువుల తప్పు లేదు కదా!" అన్నాడు భావన్న కంగారుగా.

"దారి ఇచ్చినందుకు కాదు. అడక్కుండా శిక్షించినందుకు."

కార్తీకమాసంలో పోలయ్య ప్రమిదల బండితో కూడలికి వచ్చాడు. జెండా లేచింది. పక్కన ఎవరో ఆగినట్టయి తిరిగి చూశాడు. రాజు. చెప్పుల నిండా దుమ్ముతో, జనంలో ఒకడిగా నిలబడి ఉన్నాడు. కాలినడకన వెళ్లేవాడిని నెమలి పట్టించుకోదు, ఆపేవాడూ లేడు. అయినా రాజు ఆగాడు.

పోలయ్య పగ్గాలు వదలకుండానే తల వంచి నమస్కరించాడు, ఈసారి నెమలికి కాదు.